తెలివిగల బిడ్డకు ఆటస్థలము ఎందుకు?

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో పిల్లల చదువునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ములను కోరినారు. మేము బడులలోను, హాస్టళ్లలోను పిల్లలతో గడిపినవారము. మాలో డ్రిల్లు మాష్టర్లు ఉన్నారు, లెక్కలు చెప్పినవారు ఉన్నారు, హాస్టలు వార్డెనుగా పనిచేసిన అమ్మగారు ఉన్నారు. అందరము కూర్చుండి ఆలోచించుకొని, చదువులో వెనుకబడిన పిల్లలను గూర్చి గాక, ముందున్న పిల్లలను గూర్చి మాట్లాడవలెనని నిశ్చయించుకొన్నాము. వెనుకబడిన వానిని చూచి నలుగురు జాలిపడుదురు, ట్యూషను పెట్టించుదురు, ప్రార్థనలో పేరు తలంతురు. ముందున్న వానిని గూర్చి "వానికేమి, బంగారము" అని అందరు నిశ్చింతగా ఉందురు. ఆ బంగారము లోలోపల ఎంత కాగుచున్నదో అడుగువారు తక్కువ.

మేము చెప్పదలచినది ఒక్కటే మాట. తెలివిగల బిడ్డ చేతిలోనుండి అందరును మొట్టమొదట తీసివేయునది ఆట. అయితే ఆ బిడ్డ మనస్సు నిలకడగా ఉండుటకు కావలసిన కొన్ని పాఠములు ఆటలో తప్ప వానికి మరెక్కడను దొరకవు. ఈ మాటను వివరించుటకే ఈ ప్రసంగము.

ఆట ఎట్లు పోవుచున్నదో మీరందరు ఎరుగుదురు. ఒక బిడ్డ ఏడవ తరగతిలో లెక్కలు చకచక చేయును. టీచర్లు మెచ్చుకొందురు, చుట్టములు మెచ్చుకొందురు. ఎనిమిదవ తరగతిలో ఫౌండేషన్ కోర్సులో చేర్చుదురు. సాయంకాలపు ఆట పోవును. తొమ్మిదవ తరగతిలో తెల్లవారుజామున ట్యూషను వచ్చును. ఉదయపు పరుగు పోవును. పదవ తరగతిలో డ్రిల్లు పీరియడును లెక్కల మాష్టరుగారు తీసికొందురు. ఇంటర్మీడియట్‌లో చేరునప్పటికి అనేక చోట్ల ఆటస్థలమే ఉండదు. నాలుగైదు అంతస్తుల మేడ, పైన హాస్టలు, క్రింద తరగతులు, నడుమ మెట్లు. ఆ మెట్లు ఎక్కుట, దిగుటయే ఆ బిడ్డకు మిగిలిన వ్యాయామము.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి బడికి ఆటస్థలము, ఆటవస్తువులు ఉండవలెనని తన షెడ్యూలులో చెప్పుచున్నది. అయితే ఆ చట్టము 6 మొదలు 14 ఏండ్ల వయస్సు పిల్లలకు మాత్రమే. ఒత్తిడి అన్నిటికన్న అధికముగా ఉండు 16, 17 ఏండ్ల వయస్సు దానికి వెలుపల ఉన్నది.

ఇది చిన్న విషయమని ఎవరును అనుకొనవద్దు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో 13,000కు పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొన్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన తరువాత ఇరువదిమందికి పైగా పిల్లలు పోయినారు. ఏ ఒక్క మరణమునకైనను కారణము ఇది ఒక్కటే అని వేలు చూపరాదు. అయితే ఇన్ని ఇండ్లలో దీపములారిన తరువాత పిల్లల దినచర్యను మరల ఒకసారి చూడవలసిన బాధ్యత పెద్దలమీద ఉన్నది.

దేశపు అత్యున్నత న్యాయస్థానము కూడ ఆ మాటే చెప్పినది. విశాఖపట్టణములో నీట్ పరీక్షకు సిద్ధపడుచుండిన ఒక బాలిక 2023లో మరణించిన విషయమై వచ్చిన అప్పీలులో, 2025 జూలై 25న సుప్రీము కోర్టు విద్యాసంస్థలన్నిటికి 15 మార్గదర్శక సూత్రములు ఇచ్చినది. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయుట సాధ్యమైనంతవరకు మానవలెననియు, ఆటలకును కళలకును ప్రాధాన్యము ఇయ్యవలెననియు వాటిలో ఉన్నది. మన రాష్ట్రపు గడ్డమీద జరిగిన దుఃఖమునుండి దేశమంతటికి వచ్చిన తీర్పు ఇది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసియున్నది. తెలివిగల పిల్లలు పుట్టుకతోనే బలహీనులని, వారికి ఆటలు పడవని, పుస్తకమే వారి లోకమని చాలమంది అనుకొందురు. 1921లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లూయిస్ టర్మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో సుమారు 1,500 మంది మేధావులైన పిల్లలను ఎన్నుకొని, వారి జీవితములను అనేక సంవత్సరములు పరిశీలించుటకు మొదలుపెట్టినాడు. ఆ పిల్లలు ఎత్తులోను, బరువులోను, ఆరోగ్యములోను సాటి పిల్లలకు తీసిపోలేదు సరిగదా, కొంత మెరుగుగానే ఉన్నట్లు తేలినది. కాబట్టి తెలివి ఒక రోగము కాదు. తెలివిగల బిడ్డ కూడ ఎగురవలెనని, దూకవలెనని కోరుకొను బిడ్డయే.

మరి వారి మనస్సునకు వచ్చు చిక్కు ఏమి? న్యూయార్కులో పనిచేసిన లీటా హాలింగ్‌వర్త్ అను విద్వాంసురాలు అసాధారణమైన తెలివిగల పన్నెండుమంది పిల్లలను గూర్చి వ్రాసిన గ్రంథము, ఆమె మరణించిన తరువాత, 1942లో వెలువడినది. ఇట్టి పిల్లల బుద్ధి ఒక వేగముతోను, దేహము మరియొక వేగముతోను ఎదుగుచుండును. ఆ ఎడములోనుండియే వారి ఇబ్బందులు అనేకము పుట్టుచున్నవని ఆమె గమనించినది. దీనిని మన ఇండ్ల భాషలో చెప్పవలెనన్న, పదేండ్ల పిల్లవాడు పదవ తరగతి లెక్క చేయగలడు. అయితే పెన్సిలు పోయినప్పుడు పదేండ్ల పిల్లవానివలెనే ఏడ్చును. "ఇంత తెలివిగలవాడవు, ఏడ్చుటేమి?" అని మందలింతురు. వాని బుద్ధిని చూచి వాని వయస్సు మరచిపోవుదురు. డబుల్ ప్రమోషన్ ఇచ్చి పెద్దపిల్లల నడుమ కూర్చోబెట్టినయెడల తరగతిలో గెలుచును, ఆటలో ప్రతిదినము ఓడిపోవును. కొంతకాలమునకు ఆటకు రావడమే మానుకొనును.

పోలెండు దేశపు మానసిక వైద్యుడు కాజిమియేజ్ డబ్రోవ్‌స్కీ అను ఆయన మరియొక విషయము చెప్పినాడు. కొందరి నరములు సాధారణముకన్న ఎక్కువగా స్పందించునని, ఆ స్పందన ఐదు విధములుగా కనబడునని ఆయన సిద్ధాంతము. వాటిలో ఒకటి దేహ చలనమునకు సంబంధించినది. వడివడిగా మాట్లాడుట, కాలు ఊపుచుండుట, కుదురుగా కూర్చుండలేకపోవుట, గోళ్లు కొరుకుట దాని గుర్తులు. ఈ సిద్ధాంతమును అందరు పండితులు ఒప్పుకొనరు. అయినను తరగతిలో నిలువబడిన ఏ టీచరుగారికైనను అట్టి బిడ్డ తెలియును. లెక్క పూర్తిచేసి, మిగిలిన నలుబది నిమిషములు బల్లను వాయించుచు కూర్చుండును. అల్లరివాడని వానిని వెనుక బెంచీకి పంపుదురు. వాని దేహము అడుగుచున్నది శిక్ష కాదు, కాసింత కదలిక.

ఇప్పుడు మేము చూచిన నాలుగు చిక్కులను, వాటికి ఆటలో దొరకు నాలుగు పాఠములను మీ ముందు ఉంచుచున్నాము.

మొదటిది, ఓటమి భయము. తెలివిగల బిడ్డకు చిన్నతనమునుండి ఓడిపోవుట అలవాటు ఉండదు. అన్నిటిలోను మొదటి స్థానము. పదునాఱు ఏండ్లు వచ్చి, తనవంటివారు నూరుమంది ఉన్న తరగతిలో చేరినప్పుడు మొదటిసారి నలుబదవ స్థానము వచ్చును. ఇక తన పని అయిపోయినదని అనుకొనును. ఈ బిడ్డకు మన చెడుగుడు ఆట ఏమి నేర్పునో చూడుడి. కూతకు పోయినవాడు పట్టుబడును, అవుటగును, బయటికి వచ్చి కూర్చుండును. అయితే అవతలి జట్టులో ఒకరు అవుటయిన వెంటనే, ఇవతల బయట కూర్చున్నవారిలో ముందుగా అవుటయినవాడు తిరిగి బరిలోనికి వచ్చును. ఒక్క ఆటలో ఒక పిల్లవాడు నాలుగుసార్లు పోవును, నాలుగుసార్లు లేచివచ్చును. వానిని లేపినది వాని తెలివి కాదు, వాని స్నేహితుని కూత. పడుట ముగింపు కాదని వందసార్లు నోటితో చెప్పినను మనస్సునకు పట్టదు. దేహము నేర్చుకొన్నది మరువబడదు.

రెండవది, ఆగని ఆలోచన. ఇట్టి పిల్లల బుద్ధి రాత్రి పండ్రెండు గంటలకు కూడ తిరుగలివలె తిరుగుచుండును. చేసిన తప్పును పదిసార్లు తలంచుకొందురు, రేపటి పరీక్షను ఇరువదిసార్లు వ్రాయుదురు. నిద్ర పట్టదు. నిద్ర లేనందున మరునాడు చదివినది నిలువదు. నిలువనందున మరి కొంతసేపు మేలుకొందురు. ఈ చక్రమును ఉపన్యాసముతో ఆపలేము. సాయంకాలము ఒక గంట ఒళ్లు అలయునట్లు ఆడిన బిడ్డకు నిద్ర త్వరగా పట్టును, గాఢముగా పట్టును. బంతి మీదికి వచ్చుచున్నప్పుడు ఎవరును రేపటి కెమిస్ట్రీని తలంచుకొనలేరు. ఆ గంటసేపు బుద్ధికి కూడ విశ్రాంతి దొరకును.

మూడవది, గుండెదడ. భయము కలిగినప్పుడు దేహము పరుగెత్తుటకు సిద్ధపడును. అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు రక్తములోనికి విడుదలయగును, గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగియును. పూర్వము మనిషి పులిని చూచినప్పుడు ఇది పనికివచ్చినది. ఇప్పుడు బిడ్డ ప్రశ్నాపత్రము చూచినప్పుడు కూడ దేహము అదే పని చేయుచున్నది; అయితే పరుగెత్తుటకు చోటు లేదు, బల్లమీద కూర్చుండవలెను. ప్రతిదినము పరుగెత్తు బిడ్డకు గుండె దడదడ కొట్టుకొనుట పరిచయమైన సంగతి. అది వచ్చును, పది నిమిషములలో దిగిపోవునని వానికి తెలియును. ఎన్నడును పరుగెత్తని బిడ్డకు పరీక్ష హాలులో ఆ దడ మొదటిసారి వచ్చినప్పుడు తనకేదో అగుచున్నదని బెదరిపోవును. దేహపు భాష తెలిసియుండుట ఎంత ధైర్యమో ఇందువలన గ్రహింపవచ్చును.

నాలుగవది, ఒంటరితనము. తనతో సమానముగా మాట్లాడువారు లేరని తెలివిగల బిడ్డ దూరముగా కూర్చుండును. వీనికి గర్వమని మిగిలినవారు దూరముగా ఉందురు. ఖోఖో ఆటను తలంచుకొనుడి. ఎనిమిదిమంది వరుసగా కూర్చుందురు, తొమ్మిదవవాడు తరుమును. ఎంత వేగముగలవాడైనను నడిమి గీతను దాటరాదు, నడిమధ్యను వెనుకకు తిరుగరాదు. పారిపోవువాడు ఆవలికి పోయినయెడల కూర్చున్నవాని వీపు తట్టి "ఖో" అని, తన పరుగును వానికి ఇచ్చి, తాను ఆ చోట కూర్చుండవలెను. అన్నియు నేనే చేయవలెనను బిడ్డకు ఇంతకన్న మంచి పాఠము ఏ పుస్తకములోను లేదు. తరగతిలో ముప్పదవవాడు ఇక్కడ మొదటివాడగును. మొదటివాడు వానిని చూచి నేర్చుకొనును. స్నేహము అక్కడ పుట్టును.

ఇవన్నియు డ్రిల్లు మాష్టర్ల మాటలే అని కొందరు అనవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము 5 మొదలు 17 ఏండ్లవారు సగటున దినమునకు 60 నిమిషములు ఒళ్లు వేడెక్కునట్లు కదలవలెను. వారములో మూడు దినములైనను గట్టి వ్యాయామము ఉండవలెను. ఇందువలన ఎముకలకు, గుండెకు కలుగు మేలుతోపాటు దిగులు లక్షణములు తగ్గుననియు ఆ సంస్థ చెప్పుచున్నది. అయితే జరుగుచున్నదేమి? 2019లో లాన్సెట్ వారి పత్రికలో వెలువడిన పరిశీలన 146 దేశముల లెక్కలు చూచినది. 11 మొదలు 17 ఏండ్ల పిల్లలలో నూటికి 81 మంది ఆ మాత్రము కూడ కదలుటలేదు. ఆడపిల్లలలోనైతే నూటికి 85 మంది. ఆడపిల్ల పెద్దమనిషి కాగానే టెన్నికాయిట్ రింగు అటకమీదికి పోవును. ఆమె చదువులో మొదటిదైనను, ఆమె దిగులు పోవుటకు దారి అక్కడితో మూసివేయుచున్నారు. ఈ సంగతి తల్లులు ప్రత్యేకముగా ఆలోచింపవలెనని మా మనవి.

"ఆటలకు పోయిన గంట చదువులో తగ్గిపోవును గదా" అని తండ్రులు అడుగుదురు. డెన్మార్కు దేశమునకు చెందిన హెరాల్డ్ బోర్ గణితములో గొప్ప పండితుడు. ఆయన 1908 ఒలింపిక్సులో వెండి పతకము గెలిచిన ఫుట్‌బాల్ జట్టులో ఆడినాడు. కంప్యూటరు శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఒకడైన అలాన్ ట్యూరింగ్ 1947లో ఇంగ్లండులో మారథాను పరుగును 2 గంటల 46 నిమిషములలో ముగించినాడు. ఇట్టివారు ఆడినందున మేధావులైనారని మేము చెప్పుటలేదు. ఆడినందున వారి మేధస్సు తరిగిపోలేదని మాత్రము చెప్పుచున్నాము.

అంత దూరము పోనక్కరలేదు. 1971లో శ్రీ పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైనది. తరువాత తాడికొండలోను, కొడిగెనహళ్లిలోను అట్టివే వెలిసినవి. పల్లెలలోని పేద ఇండ్లనుండి తెలివిగల పిల్లలను ఏరి చదివించుటకే అవి ఏర్పడినవి. అక్కడి దినచర్యలో తెల్లవారగానే వ్యాయామము, సాయంకాలము ఆటలు చదువుతోపాటు భాగములైయుండెను. ప్రతిభగల పిల్లలకు ఆటస్థలము కావలెనను మాట మన తెలుగుదేశములో క్రొత్తది కాదు; మరచిపోయినది.

మన సంఘమునకు ఈ విషయములో ఒక వారసత్వము కూడ కలదు. 1891వ సంవత్సరము శీతకాలమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణాలయములో ఒక తరగతి యువకులు ఎవరికిని లొంగక విసిగించుచుండిరి. వారిని అప్పగించినది జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయునికి. ఆయన వేదాంత విద్య చదివినవాడు. ఆయన బెత్తము తీయలేదు. పండ్లబుట్టలు రెండు బాల్కనీకి కొట్టి, బంతి ఇచ్చి, పదమూడు నిబంధనలు వ్రాసిపెట్టినాడు. అదే బాస్కెట్‌బాల్. నాలుగేండ్లకు, 1895లో, హోలియోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గన్ వాలీబాల్ కనిపెట్టినాడు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయమును స్థాపించినాడు. అక్కడ తర్ఫీదు పొందిన డ్రిల్లు మాష్టర్లు దక్షిణదేశపు బడులకు వెళ్లినారు. మన పెద్దలు బడి కట్టునప్పుడు ప్రక్కన మైదానము విడిచిపెట్టుట ఊరక జరిగినది కాదు.

"శరీర సాధకము కొంచెమే ప్రయోజనకరమని అపొస్తలుడు వ్రాయలేదా?" అని కొందరు పెద్దలు మమ్ములను అడిగినారు. భక్తి ముందు దాని స్థానము చిన్నదని ఆయన భావము. అది అక్కరలేదని కాదు. అదే అపొస్తలుడు పరుగు పందెములు జరుగు కొరింథు పట్టణపువారికి వ్రాయునప్పుడు ఆ పరుగునే పోలికగా తీసికొన్నాడు. నిరాశతో బదరీచెట్టు క్రింద పండుకొని, చావు కోరుకొన్న ఏలీయాకు మొదట దొరికినది ప్రసంగము కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు, ఆ తరువాత నలుబది దినముల నడక. ఈ సంగతి ఆలోచింపదగినది.

అయితే ఆటను చెడగొట్టు మార్గములు కూడ ఉన్నవి. వాటిని చెప్పకుండ విడిచినయెడల మా మాట సగమే అగును.

ఆటను మరియొక పరీక్షగా మార్చరాదు. మొదటి స్థానమునకు అలవాటుపడిన తలిదండ్రులు ఆటలో కూడ కప్పు తెమ్మందురు. అప్పుడు బిడ్డకు ఊపిరి తీసికొను చోటు ఇంకొకటి మూసికొనిపోవును. ఒక్క చోటనైనను వాడు సాధారణముగా ఉండనిండు.

ఆటను శిక్షగా వాడరాదు. మార్కులు తగ్గినందుకు మైదానము చుట్టు పది రౌండ్లు కొట్టించినయెడల, ఆ బిడ్డ జీవితాంతము పరుగును అసహ్యించుకొనును. ఆట మాన్పించుటను కూడ శిక్షగా వాడరాదు. అన్నము మాన్పింతుమా?

జట్లు విడదీయునప్పుడు ఇద్దరు నాయకులను నిలువబెట్టి ఒక్కొక్కరిని ఏరుకొనుమనరాదు. పుస్తకాల పిల్లవాడు ప్రతిదినము చివర మిగిలిపోవును. ఆ రెండు నిమిషముల అవమానము ఆటవలని మేలునంతటిని మింగివేయును. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కబెట్టి విడదీసినయెడల చాలును.

అందరికి ఒకే ఆట పడదు. ఉబ్బసముగల బిడ్డ, కాలు నొప్పిగల బిడ్డ, బంతి పట్టుటకు చేతులు కుదరని బిడ్డ ఉందురు. వారికి సైకిలు ఉన్నది, ఈత ఉన్నది, కోలాటము ఉన్నది, తాడాట ఉన్నది, మొక్కలకు నీళ్లు మోయుట ఉన్నది. ఏమియు లేనిచో నడక ఉన్నది.

ఇక ఇంట్లో ఏమి చేయవలెను? చదువు బల్లనుండి గంటకొకసారి లేచి ఐదు నిమిషములు నడువనిండు. సాయంకాలపు గంటను పరీక్షల నెలలో కూడ పూర్తిగా తీసివేయక, అరగంటయైనను మిగుల్చుడి. వారములో రెండు రాత్రులు భోజనమైన తరువాత తండ్రి బిడ్డతో వీధి చివరవరకు నడచి రావలెను. ఆ నడకలో మార్కుల మాట, ర్యాంకుల మాట ఎత్తరాదు. ఎదురెదురుగా కూర్చుండి "నీ బాధ ఏమి?" అని అడిగినయెడల బిడ్డ నోరు తెరువదు. ప్రక్కప్రక్కన నడచునప్పుడు, ముఖము చూడనవసరము లేనందున, నాలుగవ దినమునకో ఐదవ దినమునకో తానే చెప్పును. కాలేజీ ఎన్నుకొనునప్పుడు ఎన్ని ర్యాంకులు వచ్చినవని అడుగుటతోపాటు ఆటస్థలము ఎక్కడ అని అడుగుడి. గేటునుండి చూచి రాక, పిల్లలు అందులో ఆడు సమయము ఏదని అడుగుడి.

ఒక హెచ్చరిక. ఆట అన్నిటికి మందు కాదు. బిడ్డ అనేక దినములుగా నిద్రపోకున్నను, తిండి మానినను, నచ్చిన స్నేహితులను కూడ తప్పించుకొనుచున్నను, తనకు ఇష్టమైన వస్తువులను ఇతరులకు ఇచ్చివేయుచున్నను, నేనెందుకు బ్రతుకవలెనని అన్నను, "పోయి ఆడుకో, అదే పోవును" అని చెప్పి ఊరకుండరాదు. అట్టి బిడ్డను ఒంటరిగా విడువక, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సహాయ కేంద్రమునకు 14416 అను నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడువారు ఉందురు. జ్వరమునకు డాక్టరును పిలుచుట సిగ్గు కానప్పుడు దీనికి పిలుచుట కూడ సిగ్గు కాదు.

చివరిగా సంఘమునకు మా మనవి. అనేక పట్టణములలో పాత పెద్దలు విడిచిన చర్చి ఆవరణయే ఇప్పుడు మిగిలిన ఖాళీ స్థలము. చుట్టుపట్ల మేడలు లేచినవి, చెరువుగట్లు పోయినవి. ఆ ఆవరణకు ఆరుదినములు తాళము, ఏడవదినము మోటారు బండ్లు. ఆదివారము తప్ప ప్రతిదినము సాయంకాలము ఐదు గంటలనుండి ఆరున్నరవరకు ఆ గేటు తెరువవలెనని మేము కోరుచున్నాము. ఒక వాలీబాల్ నెట్టు, రెండు టెన్నికాయిట్ రింగులు, చెడుగుడు బరి గీయుటకు కొంచెము సున్నము. దీనికి చందాల పుస్తకము అచ్చువేయనక్కరలేదు. రిటైరైన డ్రిల్లు మాష్టర్లు ఇద్దరు, సంఘములోని తల్లులు ఇద్దరు వంతులవారిగా అక్కడ కూర్చుండిన చాలును. తల్లులు ఉన్నందున ఆడపిల్లలు కూడ నిర్భయముగా వత్తురు. వచ్చు బిడ్డ ఏ మతమువాడు, ఏ బ్యాచివాడు అని అడుగవద్దు. హాస్టలు పిల్లలను గంటసేపు పంపుమని ప్రక్కనున్న కాలేజీల ప్రిన్సిపాళ్లను మన పాస్టరుగార్లు, పెద్దలు వెళ్లి అడిగినయెడల అందరు కాదనరు. ఒక్కరు ఒప్పుకొన్నను ఇరువదిమంది పిల్లలకు సాయంకాలము దొరికినట్లే.

నూరేండ్ల క్రిందటివారు మనకు బడులు ఇచ్చినారు, ఆసుపత్రులు ఇచ్చినారు, మైదానములు ఇచ్చినారు. బడులను మనము పెంచుకొన్నాము. మైదానములను కాపాడుట మిగిలియున్నది. ఈ మనవిని వచ్చు సంఘ కమిటీ కూటములో చర్చకు పెట్టవలెనని పాస్టరుగార్లను, పెద్దలను వేడుకొనుచున్నాము.